నొచ్చే చేతికి ఏ జాయ్‌స్టిక్? స్పేస్ గేములు ఆడేవారికి ఒక లెక్క

"చెయ్యి నొస్తున్నది" అనే ఒక్క మాట కింద ఓరుగల్లు వైపు మనం నాలుగు వేర్వేరు బాధల్ని కుప్ప పోస్తాం. సలుపు వేరు, గుంజుడు వేరు, తిమ్మిరి వేరు, పట్టేసుడు వేరు. డాక్టరు దగ్గర ఈ తేడా చెప్పగలిగితే మందు మారుతుంది. జాయ్‌స్టిక్ సంగతీ అంతే. తేడా తెలిస్తే కొనాల్సిన వస్తువు మారుతుంది, ఒక్కోసారి కొనే అవసరమే తప్పుతుంది. కానీ వెతికేవాళ్ళు ముందు చూసేది ధర, తర్వాత బటన్ల సంఖ్య. దీనికి పన్నెండున్నాయి, దానికి పదహారున్నాయి అని పోల్చి ఆర్డర్ పెడతారు. నెల తిరిగేసరికి ఆ డబ్బా అటకెక్కుతుంది.

విమానం గేములో చేతికి పని తక్కువ. పైకెగిరాక విమానం గాలి మీద ఆనుకుని తన దారిన తాను పోతుంది. అంతరిక్ష నౌకకు ఆ ఆసరా లేదు. పిచ్ (ముక్కు పైకీ కిందికీ), రోల్ (పక్కకు దొర్లడం), యా (ముక్కు ఎడమకూ కుడికీ) అని మూడు తిరుగుళ్ళు. ముందుకూ వెనక్కూ, పక్కలకూ, పైకీ కిందికీ అని మూడు జరుగుళ్ళు. మొత్తం ఆరు కదలికలు. ఎలైట్ డేంజరస్, స్టార్ సిటిజన్, ఎక్స్4 లాంటి గేముల్లో ఈ ఆరూ కావాలి. ఒక్కొక్కదాన్ని ఏదో ఒక వేలికో, మణికట్టుకో, ముంజేతికో, కాలికో అప్పజెప్పాలి. కాబట్టి అసలు ప్రశ్న బటన్లు ఎన్ని అన్నది కాదు. మీ చేతిలో ఏ కీలు ఇంకా పని మోయగలదు, ఏది మోయలేదు అన్నది.

ముందు నొప్పిని విడదీయండి

బొటనవేలి మొదట్లో, అరచేతి కండ మొదలయ్యే చోట సలుపుతుందా? సీసా మూత తిప్పినా, తాళం తీసినా నొస్తుందా? ఆ కీలు అరిగినప్పుడు కనిపించే తీరు అది. ఇలాంటివారికి జాయ్‌స్టిక్ తల మీద బొటనవేలితో నలువైపులా తోసే చిన్న మీట, అంటే హ్యాట్ స్విచ్, పెద్ద శత్రువు, గేమ్‌ప్యాడ్ అంతకన్నా పెద్ద శత్రువు. గేమ్‌ప్యాడ్‌లో రెండు స్టిక్కులూ, సగానికి పైగా బటన్లూ బొటనవేళ్ళే నడపాలి. "గేమ్‌ప్యాడ్ చౌక కదా, అదే చాలు" అనే సలహా వీళ్ళకు పనికిరాదు.

మణికట్టుకు బొటనవేలి వైపు గుంజుతుందా? పసిపిల్లను ఎత్తుకున్నప్పుడు, బిందె దించినప్పుడు, తడి బట్టలు పిండినప్పుడు జివ్వుమంటుందా? అది అక్కడి నరం అనుకుంటారు గానీ ఎక్కువసార్లు బొటనవేలిని లేపే స్నాయువుల వాపు. సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు బీడీలు చుట్టే ఇళ్ళలో ఇలా మణికట్టు పట్టుకుని కూర్చోవడం కొత్త దృశ్యం కాదు. ఈ చేతితో స్టిక్‌ను మెలితిప్పకూడదు. చౌక స్టిక్కులు చాలావరకు యా కదలికను ఈ మెలిక మీదే పెడతాయి. చిక్కంతా అక్కడే.

మోచేతి బయటి ఎముక దగ్గర గుంజితే స్టిక్ ఎత్తుగా ఉందనో, దూరంగా ఉందనో ముందు అనుమానించండి. మణికట్టును వెనక్కి వంచి బిగించి పట్టుకుంటే ఆ కండరం గంటలకొద్దీ లాగబడుతుంది.

బొటనవేలు, చూపుడు, మధ్యవేలు తిమ్మిరెక్కుతుంటే మణికట్టు సొరంగంలో నాడి నలుగుతున్నట్టు. చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కితే మోచేతి దగ్గరి నాడి. రెండోదానికి కారణం చాలా ఇళ్ళలో కళ్ళెదుటే ఉంటుంది: ప్లాస్టిక్ కుర్చీ చేతి అంచు, లేదా మెత్త లేని బల్ల అంచు.

పట్టేసుడు మరో రకం. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు. లేదా ఒక వేలు ముడిస్తే అక్కడే ఇరుక్కుని, తీస్తే టక్కుమంటుంది. షుగర్ ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ. చికున్‌గున్యా వచ్చి పోయిన తర్వాత కీళ్ళ నొప్పులు నెలల తరబడి ఉండిపోవడం తెలంగాణ పల్లెలకు తెలిసిన సంగతే. ఇలాంటి వేలితో ట్రిగ్గర్ నొక్కి పట్టి ఉంచడం పెద్ద తప్పు.

పొద్దుటి బిగుతు గంటకు మించి ఉన్నా, రెండు చేతుల కీళ్ళూ ఒకేలా వాచినా, రాత్రి తిమ్మిరితో మెలకువ వచ్చినా, బొటనవేలి కింది కండ పలచబడుతున్నట్టున్నా జాయ్‌స్టిక్ మాట తర్వాత. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలోనో, మీకు దగ్గరి ఆస్పత్రిలోనో ఎముకల డాక్టరుకు చూపించండి. నాడి ఎండిపోయాక చేయగలిగేది తక్కువ.

కొనకముందే ఇంట్లో చేసే పరీక్ష

హన్మకొండలో జాయ్‌స్టిక్ చేతబట్టి చూసి కొనే వీలు దాదాపు లేదు. అందుకని చపాతీ కర్ర తీసుకోండి. దిండు మీద నిలువుగా నిలబెట్టి, స్టిక్‌ను పట్టుకున్నట్టే పట్టుకోండి. ఒక్కో కదలిక ఒక్కో నిమిషం, మధ్యలో నిమిషం విరామం: ముందుకూ వెనక్కూ వంచడం, అటూ ఇటూ వాల్చడం, నిలువునా మెలితిప్పడం, బొటనవేలితో కర్ర కొసను నొక్కి నాలుగు దిక్కులా తోయడం, చూపుడు వేలితో నొక్కి పట్టడం. ప్రతిదానికీ సున్నా నుంచి పది దాకా నొప్పి మార్కు రాసుకోండి. రెండు చేతులకూ చేయండి. మర్నాడు పొద్దున మళ్ళీ రాయండి. ఆడేటప్పుడు తెలియని నొప్పి తెల్లారాక తెలుస్తుంది.

ఇక్కడ పరీక్షించేది దిశను మాత్రమే, బలాన్ని కాదు. అయినా ఎంపికకు ఈ కాగితం చాలు. మెలికకు ఆరు మార్కులు, మిగతావాటికి రెండు వస్తే మీకు కావాల్సింది మెలికను తాళం వేయగల స్టిక్, లేదా యాను వేరే చోటికి పంపగల స్టిక్. బొటనవేలికి ఆరు వస్తే తల మీద తక్కువ బటన్లున్నది. కుడిచేతికి అన్నీ ఎక్కువే, ఎడమకు ఏమీ లేదంటే ఎడమచేతి స్టిక్.

చేతి మీద పడే బరువు ఎక్కడ పుడుతుంది

స్టిక్ లోపల స్ప్రింగు ఉంటుంది. ఎంత వంచితే అంత ఎదురు నెడుతుంది. ఒకసారి వంచి వదలడం చేతికి కష్టం కాదు. వంచి అక్కడే పట్టుకుని ఉండటమే కష్టం. శత్రు నౌక వెంట గుండ్రంగా తిరుగుతున్నప్పుడు స్టిక్‌ను చివరిదాకా లాగి పది పదిహేను సెకన్లు అలాగే పడతాం. కీలును అలసిపోయేలా చేసేది ఆ పట్టు.

రెండోది మధ్యలో ఉండే గంటు. చౌక స్టిక్కుల్లో మధ్య నుంచి కదిలించడానికి కాస్త ఎక్కువ తోపు కావాలి, కదిలాక ఒక్కసారిగా జారుతుంది. గురిపెట్టేటప్పుడు చిన్న చిన్న దిద్దుబాట్లు వందల సార్లు చేస్తాం కాబట్టి, ప్రతిసారీ ఈ గంటు దాటించాలి. తెలియకుండానే పిడికిలి బిగుస్తుంది.

మూడోది సెన్సర్. పాతకాలపు పొటెన్షియోమీటర్‌లో ఒక లోహపు ముక్క కార్బన్ పట్టీ మీద రాసుకుంటూ పోతుంది. దుమ్ము చేరితే, పట్టీ అరిగితే రీడింగ్ ఎగిరిపడుతుంది. స్టిక్ ముట్టకున్నా నౌక మెల్లగా తిరుగుతుంటుంది. దాన్ని ఆపడానికి డెడ్‌జోన్, అంటే స్టిక్ కదిలినా గేము పట్టించుకోని మధ్య మేర, పెంచుతారు. డెడ్‌జోన్ పెరిగిందంటే నౌక స్పందించాలంటే చేతిని అంత ఎక్కువ దూరం కదపాలి. అరిగిన సెన్సర్ ఖర్చు చివరికి మణికట్టు కడుతుంది. హాల్ సెన్సర్‌లో అయస్కాంతం తిరుగుతుంటే చిప్ దూరం నుంచే చదువుతుంది, రాపిడి లేదు, అరుగుదల లేదు. నొప్పి ఉన్న చేతికి హాల్ సెన్సర్ విలాసం కాదని చెప్పడానికి ఈ డెడ్‌జోన్ లెక్క ఒక్కటి చాలు.

నాలుగోది, ఎవరూ పట్టించుకోనిది, స్టిక్ అడుగు భాగం. తేలికపాటి స్టిక్‌ను లాగితే మొత్తం బల్ల మీద జారుతుంది, లేదా ఒక పక్క లేస్తుంది. దాన్ని ఆపడానికి రెండో చెయ్యి అడుగును అదిమి పట్టుకుంటుంది. ఒక చెయ్యి నొస్తుందని కొన్న వస్తువుతో రెండో చెయ్యి కూడా పోతుంది.

ఏది కొనాలి

లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో అందరికీ అందుబాటులో ఉండేది, చౌకైనది. అడుగు బరువుగా ఉంటుంది, తొందరగా జారదు. పన్నెండు బటన్లు, ఒక హ్యాట్, మెలిక, అడుగున చిన్న థ్రాటిల్ (వేగం పెంచి తగ్గించే) మీట. కానీ పన్నెండులో ఆరు స్టిక్ మీదే ఉన్నాయి: ఒకటి ట్రిగ్గర్, మిగతా ఐదూ, ఆపైన హ్యాటూ బొటనవేలి వాటాయే. బొటనవేలు సలిపేవారు దీన్ని వదిలేయాలి. పట్టు కుడిచేతి ఆకారంలోనే పోత పోసింది, ఎడమచేతితో పట్టుకోలేరు. మోచేయి గుంజేవారికీ, తిమ్మిరి ఉన్నవారికీ మాత్రం ఇది తక్కువ డబ్బులో మంచి ఆరంభం. అయితే ఎత్తు సరిచేసుకోవాలి, ఆ సంగతి కింద చెప్తాం.

థ్రస్ట్‌మాస్టర్ టీ.ఫ్లైట్ హోటాస్ వరుసలో ఎక్స్, 4, వన్ అని మూడున్నాయి. వీటిలో థ్రాటిల్ విడిగా వస్తుంది. మణికట్టు గుంజేవారికి ఈ వరుసలో రెండు గొప్ప సుగుణాలున్నాయి. ఒకటి, స్టిక్ మెలికను బిగించి తాళం వేయొచ్చు. రెండు, థ్రాటిల్ వెనక వైపు వేళ్ళతో అటూ ఇటూ నొక్కే ఊగుడు మీట ఉంది, యాను దాని మీద నడపొచ్చు. అంటే కుడి మణికట్టు మెలిక పని ఎడమచేతి వేళ్ళకు బదిలీ అవుతుంది. స్టిక్ బిగువును కూడా అడుగు నుంచి సర్దుకోవచ్చు. పెట్టె విప్పగానే చేయాల్సిన మొదటి పని బిగువు పూర్తిగా తగ్గించడం. లోపం సెన్సర్లలో ఉంది. ఇవి పొటెన్షియోమీటర్లు, మధ్యలో గంటు కూడా తెలుస్తుంది. అయినా మణికట్టు నొప్పికి, ఈ ధరలో మా ఓటు దీనికే. ప్లేస్టేషన్‌కూ పీసీకీ పనికొచ్చే మోడల్ కొంటే, పీసీలో గుర్తుపట్టట్లేదని కంగారు పడేముందు దాని మీది మారక స్విచ్ పీసీ వైపు ఉందో లేదో చూడండి.

థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం ఒక మెట్టు పైన. ముఖ్యమైన రెండు అక్షాలకు హాల్ సెన్సర్లు. పట్టులోని భాగాలు విప్పి మార్చుకుంటే కుడిచేతిదల్లా ఎడమచేతిదవుతుంది. పదహారు బటన్లలో పన్నెండు అడుగు మీద ఉంటాయి, స్టిక్ మీద ట్రిగ్గర్ కాక మూడే. బొటనవేలికి ఇది చాలా నయం. అడుగు బటన్లు రెండో చేత్తో, ఏ వేలితోనైనా నొక్కొచ్చు. దీని బలహీనత మెలిక. ఆ ఒక్క అక్షానికి మాత్రం పొటెన్షియోమీటరే ఉంది, ముందుగా పాడయ్యేదీ అదే. మణికట్టు నొప్పి ఉన్నవారు గేములో దాన్ని ఎలాగూ ఖాళీగా వదిలేస్తారు కాబట్టి లోపం లోపం కాకుండా పోతుంది. దీనితో జత కలిపి అమ్మే టీడబ్ల్యూసీఎస్ థ్రాటిల్ పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది, దాని వెనకా యా మీట ఉంది. అయితే కొత్తలో అది జిగురు పట్టినట్టు అతుక్కుంటూ కదులుతుందని చాలామంది ఫిర్యాదు. బిగువు మర సడలించండి. అప్పటికీ తగ్గకపోతే వారంటీ గడిచాక పాత గ్రీజు తుడిచి, ప్లాస్టిక్‌కు హాని చేయని సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. కుట్టుమిషన్ నూనె, కొబ్బరి నూనె వద్దు.

వీకేబీ గ్లాడియేటర్ ఎన్ఎక్స్‌టీ ఈవో వీటన్నిటికన్నా మేలు. రాపిడి లేని సెన్సర్లు, మార్చుకునే స్ప్రింగులు, మెలికకు తాళం, ఎడమచేతి మోడల్ విడిగా. మెత్తటి స్ప్రింగు వేస్తే రెండు వేళ్ళతో నడుస్తుంది. కానీ సాధారణంగా బయటి దేశం నుంచి తెప్పించుకోవాలి. వస్తువు ధరకు రవాణా, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, కొరియర్ వాడి క్లియరెన్స్ రుసుము కలిపి చూస్తే "చౌక" అన్న మాట నిలబడదు. పైగా పాడైతే తిరిగి పంపే ఖర్చు మీదే. రుమటాయిడ్ కీళ్ళవాతం లాంటి దీర్ఘకాలపు జబ్బు ఉండి, రోజూ ఆడేవారికి తప్ప మొదటి స్టిక్‌గా ఇది సిఫారసు చేయలేం.

నాలుగు బటన్ల బొమ్మలాంటి స్టిక్కులు కూడా దొరుకుతాయి. మెలిక లేదు, బరువు లేదు. ఆరు కదలికల గేముకు అది సరిపోదు, వదిలేయండి.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట పాతవి దొరికితే లాప్‌టాప్ వెంట తీసుకెళ్ళండి. విండోస్‌లో రన్ పెట్టెలో జాయ్.సీపీఎల్ అని కొడితే స్టిక్ పరీక్ష తెర తెరుచుకుంటుంది. స్టిక్‌ను మెల్లగా, చాలా మెల్లగా ఒక కొస నుంచి మరో కొసకు నడిపించండి. గుర్తు ఎక్కడైనా ఎగిరితే ఆ అక్షం అరిగింది. వదిలేసినప్పుడు మధ్యకు రాకపోతే స్ప్రింగో సెన్సరో పోయింది. మెలిక ఒక్కటే పాడై, మీకు మెలిక అక్కర్లేకపోతే ధర తగ్గించమని అడగడానికి అది మంచి అవకాశం.

బల్ల మీద పెట్టకండి

సగటు చదువుకునే బల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. దాని మీద స్టిక్ పెడితే అరచెయ్యి పట్టే చోటు ఇంకో 12–15 సెంటీమీటర్ల పైన, అంటే నేల నుంచి దాదాపు 90. కుర్చీ సీటు 45 అనుకుంటే, కూర్చున్న మనిషి మోచేయి ఉండేది 65–68 దగ్గర. ఇరవై సెంటీమీటర్లకు పైగా తేడా. ఆ తేడాను భుజం ఎత్తి, మణికట్టు వంచి పూడుస్తాం. ఎంత ఖరీదైన స్టిక్ కొన్నా ఈ తేడా పోదు.

స్టిక్‌ను 50–53 సెంటీమీటర్ల స్టూల్ మీద, కుడి తొడ పక్కన పెట్టండి. లేదా రెండు మోకాళ్ళ మధ్యన. దీనికి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్క, 60 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, వడ్రంగి దగ్గర కోయించుకోండి. సగం పలక తొడల కింద, సగం కుర్చీ ముందుకు వచ్చేలా కూర్చుంటే మీ బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. 12 మిల్లీమీటర్లది కొంటే ఊగుతుంది. ఊగితే పిడికిలి బిగుస్తుంది. స్టిక్ అడుగుకు నాలుగు చోట్ల వెల్క్రో అంటించండి, రెండు చోట్ల అంటిస్తే మెలితిప్పినప్పుడు ఊడుతుంది. అంటించే ముందు స్పిరిట్‌తో రెండు వైపులా తుడవకపోతే ఎండాకాలంలో జిగురు జారిపోతుంది. వేసవిలో ఈ ప్రాంతపు ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

మోచేయి 90 డిగ్రీల కన్నా కాస్త ఎక్కువ తెరుచుకుని, ముంజెయ్యి మొత్తం దేని మీదనో ఆని ఉండాలి. ప్లాస్టిక్ కుర్చీ చేతికి మడిచిన తువ్వాలు కట్టండి, చిటికెన వేలి తిమ్మిరి చాలావరకు అక్కడే తగ్గుతుంది. మణికట్టు ముంజేతితో ఒకే గీతలో ఉందో లేదో పక్క నుంచి ఇంకొకరిని ఫోటో తీయమనండి. ఆడే మనిషికి తన మణికట్టు వంపు తెలియదు.

పట్టు సన్నగా ఉంటే గట్టిగా పిడికిలి బిగించాల్సి వస్తుంది. కీళ్ళవాతం ఉన్నవారి చెంచాలకు లావు పిడి తొడిగేది ఇందుకే. స్టిక్‌కూ అదే చేయొచ్చు: ట్రిగ్గర్‌కు కింది భాగానికి క్రికెట్ బ్యాట్ గ్రిప్పు, లేదా ఏసీ రాగి గొట్టానికి చుట్టే నల్ల ఫోమ్ ట్యూబును నిలువునా చీల్చి తొడగండి. బటన్లున్న పై భాగానికి వద్దు. వేలు దూరమై నొక్కడానికి ఇంకా సాగాలి. కోడిపిల్లను పట్టుకున్నంత పట్టు చాలు.

సగం దూరంలోనే పూర్తి మలుపు

ఇది అన్నిటికన్నా లాభం ఇచ్చే మార్పు, పైగా ఉచితం. స్ప్రింగు ఎదురు తోపు వంచిన దూరాన్ని బట్టి పెరుగుతుందన్నాం. మరి స్టిక్‌ను 60 శాతం వంచగానే గేముకు "100 శాతం" అని చెప్పించగలిగితే? చివరి 40 శాతం దూరం, అందులోని బలమైన ఎదురు తోపు రెండూ తప్పిపోతాయి.

ఎలైట్ డేంజరస్‌లో డెడ్‌జోన్ సర్దుకోవచ్చు గానీ, ఎంత వంచితే గేముకు ఎంత చెప్పాలో మార్చే ఇలాంటి గీత (కర్వు) లేదు. అందుకని జాయ్‌స్టిక్ గ్రెమ్లిన్ అనే ఉచిత ప్రోగ్రాం, దానికి తోడు వీజాయ్ కావాలి. గ్రెమ్లిన్ మీ అసలు స్టిక్‌ను చదివి, వీజాయ్ సృష్టించిన ఊహా స్టిక్‌కు మార్చిన విలువలు పంపుతుంది. గేములో కంట్రోల్స్ కట్టుకునేటప్పుడు ఊహా స్టిక్‌కే కట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు: గేము రెండు స్టిక్కుల్నీ చూసి, ఒకే కదలికకు రెండు ఆజ్ఞలు అందుకుంటుంది. నౌక పిచ్చిగా తిరుగుతుంది. హిడ్‌హైడ్ అనే ప్రోగ్రాంతో అసలు స్టిక్‌ను గేముకు కనబడకుండా దాచి, గ్రెమ్లిన్‌కు మాత్రం అనుమతి ఇవ్వండి. టీ.16000ఎం ఉన్నవారు థ్రస్ట్‌మాస్టర్ వారి టార్గెట్ సాఫ్ట్‌వేర్‌తోనూ కర్వులు వేయొచ్చు.

కర్వులో మధ్య బిందువు సున్నా దగ్గరే ఉంచి, 0.6 దగ్గర 1.0 పెట్టండి, ఎడమవైపు –0.6 దగ్గర –1.0. ఇలా చేస్తే మధ్యలో కూడా నౌక దుడుకుగా స్పందిస్తుంది, గురి కుదరదు. అందుకని 0.3 దగ్గర 0.3 బిందువు చేర్చండి. అక్కడిదాకా నెమ్మది, తర్వాత వేగం. మొదటి రోజు గురి తప్పుతుంది, వారంలో చెయ్యి అలవాటు పడుతుంది. 0.5 కన్నా తగ్గించొద్దు. అంత చిన్న చోట ఆరోగ్యంగా ఉన్న చేతికి కూడా నిలకడ దొరకదు, నిలకడ కోసం మళ్ళీ పిడికిలి బిగుస్తుంది.

నొక్కి పట్టే బటన్లు తర్వాతి పని. రాళ్ళు తవ్వే లేజర్‌కు ట్రిగ్గర్ నిమిషాల తరబడి నొక్కి ఉంచాలి. జాయ్‌టుకీ ప్రోగ్రాంలో గానీ, స్టీమ్ ఇన్‌పుట్‌లో గానీ టాగుల్ పెడితే ఒకసారి నొక్కితే మొదలు, మళ్ళీ నొక్కితే బంద్. పోరాటంలో మాత్రం ఈ టాగుల్ వద్దు, గుండ్లు వృథా అయిపోతాయి. తవ్వకానికి వేరే బటన్ మీద విడిగా పెట్టుకోండి.

గేము లోపలి సాయాన్ని చిన్నచూపు చూడొద్దు. ఎలైట్‌లో నౌకను తానే దింపే డాకింగ్ కంప్యూటర్, దూర ప్రయాణంలో వేగం తానే చూసుకునే, 2019లో వచ్చిన సూపర్‌క్రూజ్ అసిస్ట్ రెండూ పెడితే ప్రయాణంలో చాలాసేపు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు. "అవి కొత్తవాళ్ళకు" అనేవాళ్ళ మణికట్లు బాగున్నాయన్నమాట. థ్రాటిల్‌ను మీటతో కాకుండా 0, 50, 75, 100 శాతం అని నాలుగు బటన్లకు కట్టుకోవచ్చు. నౌక తిరుగుడును తానే నిలిపే ఫ్లైట్ అసిస్ట్ ఆపితే, నౌక ఒకసారి తోయగానే తిరుగుతూనే ఉంటుంది, వంచి పట్టుకునే బాధ తగ్గుతుంది. కానీ ఆపడానికి ఎదురు తోపు కావాలి, చిన్న దిద్దుబాట్లు పెరుగుతాయి. మీకు పట్టు నొస్తుందా, పదేపదే కదపడం నొస్తుందా అన్నదాన్ని బట్టి తేల్చుకోండి. ఎక్స్4లో ఆటోపైలట్ ఉంది. కెర్బల్ స్పేస్ ప్రోగ్రాంలో ఎస్ఏఎస్ నౌక దిశను పట్టి ఉంచుతుంది. ఆల్ట్ నొక్కి డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కొడితే ట్రిమ్ (మీట కాస్త వంచి పట్టినట్టే ఉంచే సర్దుబాటు) పడుతుంది, ఆల్ట్, ఎక్స్ కొడితే పోతుంది.

గేర్, లైట్లు, మ్యాపు లాంటి అప్పుడప్పుడు వాడేవాటిని, నోటిమాటకు బటన్ నొక్కే వాయిస్ అటాక్ ప్రోగ్రాంకు అప్పజెప్పొచ్చు. ఉచిత ట్రయల్‌లో ఒక ప్రొఫైల్, ఇరవై ఆజ్ఞలు వస్తాయి, చాలా గేములకు అవే ఎక్కువ. ఇది విండోస్ స్పీచ్ రికగ్నిషన్ మీద నడుస్తుంది, అందులో తెలుగు లేదు. ఒక్క అక్షరంలా వినపడే పొట్టి ఇంగ్లిష్ మాటలు మన ఉచ్చారణలో కలిసిపోతాయి; "గేర్" బదులు "లాండింగ్ గేర్" అనండి. పంకా మైకు వైపు తిప్పి ఉంటే ఏ ఆజ్ఞా అందదు.

కాలికి పని చెప్పాలంటే

మెలిక కుదరదు, ఎడమచేతి వేళ్ళూ సరిగా లేవు అనుకునేవారికి మిగిలింది పాదాలు. యాను పాదాలతో నడిపే రెడీమేడ్ రడ్డర్ పెడళ్ళు స్టిక్ కన్నా ఖరీదు పడొచ్చు. ఇంట్లో చేసుకుంటే కొన్ని వందల రూపాయల సామాను: ఆర్డుయినో లియోనార్డో లేదా ప్రో మైక్రో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, 10 కిలో ఓమ్‌ల లీనియర్ పొటెన్షియోమీటర్, ఒక పలక, మధ్యలో బోల్టు. యూనో బోర్డు చౌకని కొనకండి. లియోనార్డో, ప్రో మైక్రోల చిప్ నేరుగా యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌గా కనబడగలదు, యూనో మామూలుగా కనబడదు.

పలక మధ్య బోల్టు మీద పార్కులో పిల్లలెక్కే సీ-సా బల్లలా అటూ ఇటూ ఊగాలి, రెండు కొసల మీద రెండు పాదాలు. పొటెన్షియోమీటర్ కాడను ఆ బోల్టుకు బిగించండి. దాని మూడు కాళ్ళలో పక్కలవి బోర్డు మీది 5 వోల్ట్, గ్రౌండ్‌కు, మధ్యది ఏ0 అని రాసున్న చోటుకు. జాయ్‌స్టిక్ లైబ్రరీ వేసి, ఆ విలువను రడ్డర్ అక్షంగా పంపితే చాలు. మొదటిసారి కడితే నౌక అస్సలు చాలినంత తిరగదు. కారణం, పొటెన్షియోమీటర్ మొత్తం తిరిగేది దాదాపు 300 డిగ్రీలు, మీ పలక కదిలేది నలభయ్యే. 0 నుంచి 1023 దాకా రావాల్సిన విలువ మధ్యలో కొద్ది మేర మాత్రమే మారుతుంది. ఆర్డుయినో ప్రోగ్రాంలోని సీరియల్ మానిటర్‌లో రెండు కొసల విలువలు చూసి, రడ్డర్ పరిధిగా వాటినే కోడ్‌లో పెట్టండి. ఏ0 విలువ ఊరికే గెంతుతుంటే తీగలు సరిగా అతికాయో లేదో చూడండి.

పలక తిరిగి మధ్యకు రావడానికి స్ప్రింగులు వెతకక్కర్లేదు. పాత సైకిల్ ట్యూబు నుంచి ఒకే వెడల్పున రెండు పట్టీలు కోసి, రెండు వైపులా ఒకే బిగువున కట్టండి. పాదం వేలితో నొక్కితే కదిలేంత బిగువు చాలు. రబ్బరు ఎండకు సాగుతుంది, రెండు పట్టీలూ ఒకేలా సాగవు. మే నెలలో ఒకరోజు ముట్టకుండానే నౌక ఎడమకు తిరుగుతుంటే కోడ్‌ను తప్పు పట్టేముందు పట్టీలు మార్చండి.